భయానికి బొమ్మ చేసినవాళ్లు

గాడ్జిల్లా తొడుగు తయారు చేసిన జపాన్ పనివాళ్ల పేర్లు ఆలస్యంగానైనా చరిత్రకెక్కాయి. నికోబార్‌లో దయ్యాలను తరిమే కొయ్యబొమ్మలు చెక్కినవాళ్ల పేర్లు మాత్రం మ్యూజియం చీటీల మీద కనిపించవు.

నికోబార్ కొయ్యబొమ్మల ముందు నిలబడిన సందర్శకుడు మొదట చేసే పని ఒక అడుగు వెనక్కి వేయడం. గుండ్రటి కళ్లు, తెరిచిన నోరు, కొట్టడానికి వస్తున్నట్టు పైకి లేచిన చేతులు. కొన్నింటికి కళ్ల స్థానంలో మెరిసే ఆల్చిప్ప ముక్కలు. శ్రీ విజయపురంలోని ఆంత్రోపాలజీ మ్యూజియం గాజు బీరువాల వెనక ఉన్నా వీటికి బెదిరించే గుణం పోలేదు. 2024 సెప్టెంబర్ దాకా ఈ ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్. ఊరు పేరు మార్చుకుంది కానీ బొమ్మలు మాత్రం చూపు మార్చుకోలేదు.

తెలుగువాడికి అయితే వెనక్కి వేసిన ఆ అడుగు వెంటనే ముందుకు పడుతుంది. ఎక్కడో చూసినట్టు ఉంటుంది కాబట్టి. కట్టుబడిలో ఉన్న ఇంటి ముందు వేలాడే దిష్టిబొమ్మ, గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ మీద కోరమీసాలతో గీసిన రాక్షసుడి మొహం, ఊరి పొలిమేరలో పోతురాజు. ఈ ద్వీపాలకు అవి కొత్త కావు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో దాదాపు 13 శాతం మందికి మాతృభాష తెలుగే. ఆ ఇళ్ల దిష్టిబొమ్మకూ నికోబార్ కొయ్యబొమ్మకూ సూత్రం ఒకటే. బయటి నుంచి వచ్చేది జడుసుకోవాలి, లోపలివాళ్లు నిశ్చింతగా నిద్రపోవాలి.

ఇదే పనిని మరో తరహాలో చేసిన మనుషులు జపాన్‌లో ఉన్నారు. 1954లో టోక్యోలోని తోహో స్టూడియోలో వెదురు, ఇనుప తీగ, గుడ్డ, రబ్బరుతో వాళ్లు ఒక రాక్షసుడిని తయారు చేశారు. అదే గాడ్జిల్లా. అక్కడా ఇక్కడా కంటికి కనిపించని భయానికి శరీరం ఇచ్చింది చేతిపనివాళ్లే. తేడా ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది. ఒకచోట పనివాడి పేరు మిగిలింది. ఇంకోచోట పని మాత్రమే మిగిలింది. పేరు పోతే కళకు ఏమవుతుందో తెలియాలంటే నికోబార్ కథ వినాలి.

వైద్యుడి మాట, వడ్రంగి చేయి

ఈ బొమ్మలను హెంటకోయి అనీ, మనిషి రూపంలో ఉంటే కరెయావు అనీ అంటారు. నాన్‌కౌరీ, కమోర్టా, కచ్చల్, ట్రింకెట్ వంటి మధ్య నికోబార్ ద్వీపాలు వీటికి పుట్టిల్లు. అక్కడి పాత నమ్మకం ప్రకారం జబ్బు ఊరికే రాదు. దుష్టాత్మ పట్టుకుంటేనే వస్తుంది. కాబట్టి మందు కంటే ముందు మెన్లువానా కావాలి. ఆయన వైద్యుడు, మంత్రగాడు, ఆత్మలతో మాట్లాడేవాడు, మూడూ ఒక్కరే. ఏ బొమ్మ పెట్టాలో, ఎలా ఉండాలో ఆయన చెబుతాడు. చేయి తిరిగిన మనిషి చెక్కుతాడు.

పడవ తొలిచే చేతికి బొమ్మ చెక్కడం దూరపు పని కాదు. ఒకే మానును తొలిచి చేసే హోడి పడవ నికోబారీల గర్వకారణం. ఆ పనితనమే ఇంట్లో మొసలిగా, తాబేలుగా, చేపగా, పక్షిగా, చేతులెత్తిన మనిషిగా మారేది. ఎరుపు, నలుపు రంగులు పూసేవారు. వీటికి తోడు హెంటా అనే చిత్రఫలకాలు ఉండేవి. పోకచెట్టు మట్టను చదును చేసి దాని మీద సూర్యుడు, చంద్రుడు, ఓడలు, పందులు, కోళ్లు, మధ్యలో సృష్టికర్త బొమ్మ గీసేవారు. ఆ సృష్టికర్త పేరు దేవుసె. తెలుగు చెవికి దేవుడు అన్నట్టే వినిపించినా ఆ మాట పోర్చుగీసు నావికుల నుంచి వచ్చిందని పండితుల అభిప్రాయం.

బొమ్మకు పరీక్ష ఉండేది. రోగి కోలుకుంటే దానికి ఇంట్లో చోటు దక్కేది. కోలుకోకపోతే పనికిరానిదని అడవిలోకో సముద్రంలోకో విసిరేసేవారు. కళాఖండానికి ఇంతకంటే కఠినమైన విమర్శకుడు మరెక్కడా దొరకడు. ఆ విసిరేసిన బొమ్మలు కొన్ని యూరప్ సేకర్తల చేతికి చిక్కాయనీ, మ్యూజియాలకు చేరాయనీ గుర్తుంచుకుంటే ఇంకో విచిత్రం కనిపిస్తుంది. ఊరు ఓడిపోయినవని పారేసినవి ప్రపంచానికి కళగా మిగిలాయి.

టోపీ పెట్టుకున్న దయ్యం

కరెయావు బొమ్మల్లో కొన్నింటి నెత్తిన పొడవాటి యూరోపియన్ టోపీ ఉంటుంది. కొన్నింటికి కోటు. అలంకారం కోసం పెట్టింది కాదది. ఈ ద్వీపాల మీద నుంచి ఎన్ని జెండాలు వెళ్లాయో చూస్తే కారణం అర్థమవుతుంది. 1756లో డెన్మార్క్ నికోబార్ తనదంది. 1768లో మొరేవియన్ మిషనరీలు నాన్‌కౌరీ చేరి, జ్వరాలకు తాళలేక 1787లో వెనుదిరిగారు. మధ్యలో 1778లో ఆస్ట్రియా కూడా హక్కు చెప్పుకుంది. 1846లో డెన్మార్క్ ఓడ గలాథియా, 1858లో ఆస్ట్రియా ఓడ నొవారా పరిశోధకులను మోసుకొచ్చాయి. చివరికి 1869లో బ్రిటన్ స్వాధీనం చేసుకుంది.

తుపాకీ, రమ్ము, కొత్త రోగాలు, అన్నీ టోపీ పెట్టుకున్న మనుషులతోనే వచ్చాయి. దయ్యాన్ని బెదిరించాలంటే దయ్యం కూడా భయపడేవాడి రూపం కావాలి. అందుకు ఓడ కెప్టెన్ కంటే తగినవాడు ఎవరు? బొమ్మ చెక్కిన నికోబారీ తన కాలపు రాజకీయాలను కొయ్యలో రాశాడు. దాన్ని జానపద కళ అనే అరలో పెట్టేయడం వల్ల మనం ఆ సంగతి గమనించం.

బ్రిటిష్ అధికారి ఇ.హెచ్.మాన్ నాన్‌కౌరీలో పనిచేసిన కాలంలో నికోబారీల గురించి విస్తారంగా రాశాడు. 1889లో మధ్య నికోబారీ భాషకు నిఘంటువు వెలువరించాడు. వస్తువులనూ పెద్ద ఎత్తున సేకరించాడు. ఇవాళ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, ఆక్స్‌ఫర్డ్ పిట్ రివర్స్ మ్యూజియంలో, వియన్నాలో నికోబార్ బొమ్మలున్నాయి. ఇలాంటి సేకరణల చీటీల మీద సాధారణంగా ఉండే వివరాలు నాలుగు: వస్తువు, ద్వీపం, సంవత్సరం, సేకరించినవారి పేరు. చెక్కినవాడి పేరు ఉండదు. మాన్ అడగలేదని కాదు, ఆ కాలంలో ఎవరూ అడిగే ప్రశ్న కాదది. పని చేసింది తెగ, సేకరించింది మనిషి అన్నది అప్పటి లెక్క. పారిస్ వేలం శాలల్లో నికోబార్ బొమ్మలు చేతులు మారుతున్న ఈ రోజుల్లోనూ లెక్క పెద్దగా మారలేదు.

వంద కిలోల రాక్షసుడు

ద్వీపాల మీదకు వచ్చిన చివరి విదేశీ జెండా జపాన్‌ది. 1942 మార్చి 23న జపాన్ సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. 1945 అక్టోబర్ దాకా ఉన్నాయి. గూఢచారులన్న అనుమానంతో అండమాన్‌లోనూ కార్ నికోబార్‌లోనూ ఎందరినో చంపాయి. అప్పటి కాంక్రీటు బంకర్లు సముద్రపు ఒడ్డున ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ మూడున్నరేళ్లు ఇక్కడివారికి భయం జపాన్ యూనిఫాం వేసుకుని తిరిగింది.

యుద్ధం ముగిసేసరికి భయం జపాన్ ఇంటికే చేరింది. హిరోషిమా, నాగసాకి బూడిదయ్యాయి. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్షించినప్పుడు జపాన్ చేపల పడవ లక్కీ డ్రాగన్ మీద రేడియోధార్మిక బూడిద రాలింది. పడవలోని 23 మందీ జబ్బు పడ్డారు. రేడియో ఆపరేటర్ ఐకిచి కుబొయామా సెప్టెంబర్ 23న మరణించారు. నవంబర్ 3న దేశమంతటా గాడ్జిల్లా విడుదలైంది. బాంబు పరీక్షలతో సముద్రగర్భంలో నిద్ర లేచిన జీవి టోక్యోను తొక్కేయడం కథ. ప్రేక్షకులు దేన్ని చూసి వణికారో విడమర్చి చెప్పనక్కర్లేదు.

దర్శకుడు ఇషిరో హోండా. ఎఫెక్ట్స్ బాధ్యత ఎయిజి త్సుబురాయాది. యుద్ధకాలంలో ప్రభుత్వ ప్రచార చిత్రాలకు నమూనా ఓడలు, విమానాలతో దృశ్యాలు సృష్టించిన చేయి అది. హాలీవుడ్ కింగ్‌కాంగ్ మాదిరిగా బొమ్మను కొద్దికొద్దిగా కదిలించి ఒక్కో ఫ్రేమ్ తీయాలని ఆయనకు ఉండేది. కానీ అందుకు ఏళ్లు పడుతుంది. చేతిలో ఉన్నవి నెలలే. అందుకే మనిషికే రాక్షస వేషం కట్టాలని నిర్ణయించారు. ప్రపంచానికి ఒక సినిమా సంప్రదాయం ఇచ్చిన ఈ నిర్ణయం నిజానికి టైం చాలక తీసుకున్నది.

తెయిజో తోషిమిత్సు మట్టితో నమూనా చేశారు. యాగి సోదరులు, ఎయిజో కైమాయి తదితరులు తొడుగు కట్టారు. వెదురు, తీగతో అస్థిపంజరం, దాని మీద జాలీ, గుడ్డ, పైన రబ్బరు పూతలు. యుద్ధం మిగిల్చిన కరువు కాలం కాబట్టి మంచి రబ్బరు దొరకడమే గగనం. మొదటి తొడుగు బరువు వంద కిలోల పైమాట. అది ఎంత బిగుసుకుపోయిందంటే లోపల దూరిన హరువో నకజిమా పది మీటర్లు నడిచేసరికి కూలబడ్డారు. దాన్ని నడుము దగ్గర కోసి, కాళ్లు మాత్రమే కనిపించే దృశ్యాలకు వాడుకున్నారు. రెండోది కొంత తేలిక. మండే లైట్ల కింద ఆ తొడుగులో నకజిమా ఒంటి నుంచి కారిన చెమటను పిండాల్సి వచ్చేది. రాక్షసుడి నడక కోసం ఆయన జంతుప్రదర్శనశాలకు వెళ్లి ఏనుగును, ఎలుగును గమనించేవారు. తొడుగు మీది గరుకు చర్మానికి అణుబాంబు బాధితుల ఒంటి మీది కాలిన మచ్చలు ప్రేరణ అన్న మాట కూడా బాగా ప్రచారంలో ఉంది.

తర్వాతి ఇరవై ఏళ్లూ ఇదొక వృత్తిగా మారింది. హొక్కైడోలో పుట్టిన కెయిజో మురాసె 1958లో వరాన్ చిత్రంతో ఈ పనిలో చేరారు. ఆ రాక్షసుడి చర్మం ఎగుడుదిగుడుగా రావడానికి ఆయన వాడింది వేరుశనగ తొక్కలు. డబ్బు వృథా చేసే అలవాటు ఈ వర్క్‌షాపులకు లేదు. 1965లో బారగాన్ అనే రాక్షసుడి కోసం చేసిన తొడుగుకు తలలు, కొమ్ములు, చెవులు మార్చి అల్ట్రా సీరియళ్లలో మరికొన్ని రాక్షసులుగా నడిపించారు. వాడివాడి అరిగాక చించి పారేశారు. రబ్బరుకు ఆయుష్షు తక్కువ. ఆనాటి అసలు తొడుగుల్లో మిగిలినవి చాలా కొద్ది.

వస్తువు పోయింది, పేరు మిగిలింది

తెరమీది రాక్షసుడికే పేరు, కట్టినవాడికి కూలి. జపాన్‌లోనూ చాలాకాలం ఇంతే. హోండా, త్సుబురాయా ప్రపంచానికి తెలుసు. తోషిమిత్సు, యాగి, కైమాయి ఎవరికి తెలుసు? మార్పు అభిమానుల వల్ల వచ్చింది. చిన్నప్పుడు ఆ సినిమాలు చూసి పెరిగిన తరం పెద్దదై, ముసలివాళ్లయిన పనివాళ్లను వెతుక్కుంటూ వెళ్లింది. ఏ రాక్షసుడి చర్మం దేనితో చేశారో, ఏ తొడుగుకు కాలు ఎందుకు మార్చారో ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. ఇంటర్వ్యూలు పుస్తకాలయ్యాయి. తొడుగుల నమూనాలు ప్రదర్శనలకెక్కాయి. 1954 నుంచి 1972 దాకా గాడ్జిల్లాగా నటించిన నకజిమా 2017లో కన్నుమూస్తే ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. ఎనభై దాటాక మురాసె స్వయంగా ఒక సినిమాకు దర్శకత్వం వహించారు. అది విడుదలైన 2024లోనే ఆయన వెళ్లిపోయారు. అదే ఏడాది గాడ్జిల్లా మైనస్ వన్‌కు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అందులో రాక్షసుడు కంప్యూటర్‌లో పుట్టాడు. అయినా ఆ నడకలో మనిషి బరువు కనిపించేలా చేయాలన్న తాపత్రయం పాత తొడుగుల నుంచి వచ్చిందే.

అంటే జపాన్‌లో వస్తువు చివికిపోయింది కానీ జ్ఞాపకం నిలిచింది. నికోబార్‌లో సరిగ్గా తలకిందులు. వస్తువు గాజు పెట్టెలో భద్రం. చెక్కినవాడి జ్ఞాపకమే లేదు.

నీళ్లలో కొట్టుకుపోయింది ఏమిటి?

హెంటకోయి ఒక్కరోజులో కనుమరుగు కాలేదు. నమ్మకం ముందు మారింది. కార్ నికోబార్‌కు చెందిన జాన్ రిచర్డ్‌సన్ నికోబారీల్లో తొలి బిషప్ అయ్యారు. కొత్త నిబంధనను తన భాషలోకి తెచ్చారు. జపాన్ ఆక్రమణ కాలపు హింసను తట్టుకుని నిలిచారు. స్వతంత్ర భారత తొలి లోక్‌సభలో ఈ ద్వీపాల ప్రతినిధి ఆయనే. ఆయన ప్రభావంతో యుద్ధానంతరం క్రైస్తవం ద్వీపం నుంచి ద్వీపానికి విస్తరించింది. ఆస్పత్రులు వచ్చాయి. జ్వరానికి మాత్ర దొరికాక మెన్లువానా పిలుపు తగ్గింది, ఆయనతోపాటే బొమ్మ అవసరమూ తగ్గింది. ఇందులో బాధపడాల్సిందేమీ లేదు. రోగం తగ్గించుకునే హక్కు కళ కంటే పెద్దది. అయినా పాత ఇళ్లలో, పెద్దల జ్ఞాపకాల్లో బొమ్మలు ఉంటూనే వచ్చాయి.

2004 డిసెంబర్ 26 ఉదయం ఆ ఇళ్లు పోయాయి. నికోబారీ ఊళ్లన్నీ తీరం వెంటే ఉంటాయి. సునామీ ముందు తాకింది వాటినే. అండమాన్ నికోబార్‌లో మరణించినవారు, గల్లంతైనవారు సుమారు 3,500 మంది, వారిలో అత్యధికులు నికోబార్ జిల్లావారే. 2001లో 42 వేలున్న జిల్లా జనాభా 2011 నాటికి 37 వేల లోపుకు పడిపోయింది. ట్రింకెట్ ద్వీపం ముక్కలై ఖాళీ అయింది. దేశపు దక్షిణపు కొస ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. పెద్దలు పోయినచోట ఏ మానుకు ఏ బొమ్మ అన్న సంగతి చెప్పే నోరు కూడా పోయింది. తర్వాత కట్టిచ్చిన పునరావాస కాలనీల్లో ఇల్లంటే రేకుల కప్పు, వరసగా నంబర్లు. నిట్టాడుల మీద గాలిలోకి లేచిన పాత నికోబారీ ఇంట్లో బొమ్మకు ఒక మూల ఉండేది. కొత్త ఇంటి ప్లానులో ఆ మూల లేదు.

ఎవరిని అడగాలి?

1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన ప్రకారం నికోబార్‌కు వెళ్లాలంటే బయటివారికి పాసు తప్పనిసరి. ఆ కట్టడి మంచిదే. అది లేకపోతే ఇంకెన్ని పోయేవో. కానీ దాని అర్థం ఒకటుంది. జపాన్‌లో అభిమానులు చేసిన పని ఇక్కడ బయటివారు చేయలేరు. చేయాల్సింది నికోబారీ యువతే. సునామీ నాటికి పెద్దలైనవారిలో చాలామంది ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నారు. అంటే వ్యవధి తక్కువ.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. నికోబారీ హోడి పడవ, చాప, గుడిసె, కొబ్బరి నూనె ఇటీవల భౌగోళిక గుర్తింపు పొందాయి. ద్వీపాలకు దక్కిన ఆ తొలి జాబితాలో హెంటకోయి లేదు. అమ్మకానికి పనికొచ్చే వస్తువుకే గుర్తింపు అన్నది ఆ చట్టం స్వభావం. దయ్యాన్ని తరిమే బొమ్మకు మార్కెట్ ధర ఏం పెడతారు? పెట్టినా అది తిరిగి పర్యాటకుల షోకేసు బొమ్మే అవుతుంది. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు దారి దొరికిందంటే వాటిని కొనే పిల్లలు, పేర్చే బొమ్మల కొలువులు ఉన్నాయి కాబట్టి. హెంటకోయికి కొలువు లేదు.

భూమి ప్రశ్న కూడా ఉంది. గ్రేట్ నికోబార్‌లో సునామీకి ముందు పశ్చిమ తీరంలో బతికిన నికోబారీలు క్యాంప్‌బెల్ బే దగ్గర పునరావాసంలో ఉంటూ సొంత ఊళ్లకు తిరిగి వెళ్లనివ్వమని అడుగుతూ వచ్చారు. ఈలోగా అదే ద్వీపంలో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్‌లతో భారీ ప్రాజెక్టు వచ్చింది. అందుకు కావలసిన అడవి సుమారు 130 చదరపు కిలోమీటర్లు. 2022 ఆగస్టులో ఇచ్చిన అంగీకారాన్ని గిరిజన మండలి నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. ఓడరేవు ప్రతిపాదించిన చోటి పేరు గలాథియా బే. 1846లో పరిశోధకులతో వచ్చిన డెన్మార్క్ ఓడ పేరే అది. బయటినుంచి వచ్చిన ఓడకు అక్కడ పేరుంది. చెట్టు, తీరం, పడవ, బొమ్మ ఒకే గొలుసు. మాను లేని చోట చెక్కే చేయి పుట్టదు.

చేయగలిగిన పనులు పెద్ద ఖర్చువి కావు. యూరప్ మ్యూజియాల్లోని బొమ్మల ఫొటోలు, ఏ ఊరిలో ఎప్పుడు తీసుకున్నారన్న వివరాలు నాన్‌కౌరీ, కమోర్టా బడులకు చేరవచ్చు. వాటిని చూసి గుర్తుపట్టే ముసలివాళ్లు ఉన్నంతలో వారి మాటలను వారి భాషలోనే రికార్డు చేయవచ్చు. చెక్కిన కుటుంబం ఏదో తెలిస్తే చీటీ మీద ఆ పేరు చేర్చమని అడగవచ్చు. తెలియకపోతే ఊరి పేరైనా సరిగ్గా రాయించవచ్చు. బొమ్మలు తిరిగి ఇమ్మనాలా వద్దా అన్నది నికోబారీలు తేల్చుకోవాల్సిన సంగతి.

శ్రీ విజయపురం మ్యూజియం నుంచి బయటికి వస్తే ఏదో ఒక వీధిలో కట్టుబడిలో ఉన్న ఇల్లు, దాని ముందు దిష్టిబొమ్మ కనిపించకపోదు. పాత చొక్కాలో గడ్డి కుక్కి, కుండకు సున్నంతో కళ్లు పెట్టిన బొమ్మ. గృహప్రవేశం అయిన మర్నాడు దాని పని అయిపోతుంది. ఎవరు కట్టారని ఎవరూ అడగరు. అడిగితే మేస్త్రీ ఎవరో ఒకరిని చూపిస్తాడు. కట్టిన మనిషి ఇంకా అక్కడే ఉంటాడు కాబట్టి. నాన్‌కౌరీలో కూడా అలా చూపించడానికి ఎవరో ఒకరు మిగిలి ఉన్నప్పుడే అడగాలి.